రైలు సమయానికి వచ్చిన శుక్రవారం

పోయిన శుక్రవారం పొద్దున తొమ్మిది ముప్పై ఒకటికి, గ్యోటింగెన్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఒక ఘోరం బయటపడింది: తొమ్మిది పన్నెండు రైలు తొమ్మిది పన్నెండుకే వెళ్లిపోయింది!

మళ్లీ చదవండి. అచ్చుతప్పు కాదు. జర్మనీలో, ఈ రోజుల్లో, పట్టపగలు, ఒక రైలు సమయానికి వచ్చి సమయానికి పోయింది.

నా పక్కన మా అక్క కూతురు వీబ్కె నిలబడి ఉంది. చేతిలో పెళ్లి గౌను ఉన్న సంచి. ఖాళీ పట్టాల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. నా వంక చూసిన చూపు గురించి నేను రాయను.

పదకొండున్నరకు ఆమె పెళ్లి. ఇక్కడికి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్లో, మునిసిపల్ ఆఫీసులో, రిజిస్ట్రారు ముందు. మా వాళ్లంతా ముందు రోజే వెళ్లిపోయారు. గురువారం రాత్రి దాకా వీబ్కెకు ఆసుపత్రిలో డ్యూటీ. అందుకని పెళ్లికూతుర్ని వేళకు చేర్చే బాధ్యత నా మీద పెట్టారు. పెళ్లికొడుకు టిల్మాన్ సరుకుల ఓడలో ఇంజనీరు. సోమవారం ఓడ ఎక్కితే ఏడు నెలలు నేల మీద కాలు పెట్టడు. ఆ ఆఫీసువాళ్లు ఒక్కో జంటకు ఇచ్చేది ఇరవై ఐదు నిమిషాలు. అవి చేజారితే మళ్లీ ఖాళీ మార్చిలో! మార్చిలో టిల్మాన్ ఏ సముద్రం మీద ఉంటాడో మీరే ఊహించండి.

ఊరి పేరు మాత్రం అడక్కండి. చెబితే ఒక మంచి మనిషి పెన్షన్ పోతుంది.

ఈ నేరం ఎవరు చేశారన్నది చివరికి తేలింది. చెబుతాను. అంతకన్నా ముందు ఇది ఎందుకు నేరమో చెప్పాలి. ఎందుకంటే మీలో కొందరు ఇంకా పాతకాలం మనుషులు. రైలు సమయానికి రావడం మంచిదనే అనుకుంటున్నారు!

అయ్యా, అమ్మా, రైలు ఆలస్యమే ఈ దేశానికి మిగిలిన ఆఖరి వరం!

ఆశ్చర్యపోకండి. నేను ఇరవై ఆరేళ్లుగా ఊరూరా తిరిగి ప్రభుత్వ ఆఫీసులకు రబ్బరు స్టాంపులు అమ్ముతున్నాను. ఈ దేశంలో నేను చూసిన ఊళ్లలో సగానికి నేను టికెట్టు కొననే లేదు. కొన్నది వేరే ఊరికి. దింపింది వేరే ఊళ్లో!

ఉల్మ్ సంగతే తీసుకోండి. మ్యూనిక్ వెళ్తూ అక్కడ బండి మారాలి. మారాల్సిన బండి రెండు గంటల పన్నెండు నిమిషాలు ఆలస్యం. ఏం చేస్తాను? ఊళ్లోకి నడిచి పెద్ద చర్చి శిఖరం ఎక్కాను. ఏడొందల అరవై ఎనిమిది మెట్లు! దిగి వచ్చేసరికి బండి ఇంకో అరగంట వెనకబడింది. ఇంకోసారి ఎక్కమన్నట్టు! రైల్వే తప్ప మన ఆరోగ్యం గురించి ఇంతగా పట్టించుకునే సంస్థ ఇంకేదైనా ఉందా?

వ్యుర్ట్స్‌బుర్గ్‌లో యాభై నిమిషాలు ఇచ్చారు. పాత వంతెన మీదికి వెళ్లాను. అక్కడ జనం గ్లాసులో వైన్ పట్టుకుని వంతెన మీదే నిలబడి తాగుతారు. కూర్చోరు. ఎటూ పోరు. మొదట నాకు అర్థం కాలేదు. రెండో గ్లాసు దగ్గర వెలిగింది: వీళ్లంతా నాలాగే బండి కోసం ఎదురుచూస్తున్నవాళ్లు! కొందరు అక్కడే రిటైరయ్యారని నా అనుమానం.

మాన్‌హైమ్ నడిబొడ్డున వీధులకు పేర్లుండవు. అక్షరం, పక్కన అంకె. నేను గంటన్నర తిరిగి తిరిగి మూడుసార్లు ఒకే బేకరీ ముందు తేలాను. మూడోసారి బేకరీ ఆవిడ అడక్కుండానే ఉప్పు ప్రెట్జెల్ చేతిలో పెట్టి, "బండి ఎంత లేటు?" అంది. సొంత అక్క అయినా అంత ప్రేమగా అడుగుతుందా? మా అక్క అడగదు!

హామ్‌లో ఏనుగును చూశాను. భవనమంత గాజు ఏనుగు. దాన్ని చూడాలని సెలవు పెట్టి బయల్దేరినవాణ్ని నేనింతవరకు కలవలేదు. కలిసినవాళ్లంతా కొలోన్ వెళ్తూ మధ్యలో చిక్కుకున్నవాళ్లే. ఆలస్యం లేకపోతే పాపం ఆ ఏనుగును ఎవరు చూస్తారు?

వ్యాయామం మాటకొస్తే ఇంకో వరం. బండి వచ్చే రెండు నిమిషాల ముందు మైకులో ఒక గొంతు: "ఈ రోజు బోగీల వరస తిరగబడింది." అంతే! ప్లాట్‌ఫాం ఈ చివరనున్నవాళ్లు ఆ చివరికి, ఆ చివరనున్నవాళ్లు ఈ చివరికి పెట్టెలతో పరుగు. మధ్యలో రెండు గుంపులూ ఎదురుపడి "క్షమించండి", "క్షమించండి" అనుకుంటాయి. ఎనభై ఏళ్ల ముసలావిడ చక్రాల పెట్టెతో నన్ను దాటి పోవడం నా కళ్లతో చూశాను. ఏ డాక్టరు రాసిచ్చాడు ఆవిడకా పరుగు?

అసలైన మేలు వేరే ఉంది. మా దేశంలో రైల్లో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మూడొందల కిలోమీటర్లు మాట్లాడకుండా వెళ్లగలరు. మోకాళ్లు తగులుతున్నా సరే. కిటికీ బయట ఏనుగు ఎగిరినా సరే. కానీ మైకులో "ముందు వెళ్తున్న బండి ఆలస్యం వల్ల..." అని వినబడనివ్వండి! ఒకాయన నిట్టూరుస్తాడు. ఎదుటావిడ "భేష్!" అంటుంది. మూడోవాడు పోయినసారి తనకు జరిగిన అన్యాయం మొదలుపెడతాడు. పావుగంటలో ఉడకబెట్టిన గుడ్లు చేతులు మారుతాయి. అరగంటలో ఒకరి ఆపరేషన్ కుట్టు ఇంకొకరు చూస్తారు. గంటన్నర దాటితే పెళ్లి సంబంధాలే!

నవ్వకండి. వీబ్కె, టిల్మాన్ ఒకరికొకరు తెలిసిందే అలా. కాసెల్ దగ్గర, మూడు గంటల ఆలస్యంలో. రెండు గంటల దాకా వాడు నోరు విప్పలేదట. "మూడో గంట రాకపోతే నేను వేరేవాణ్ని చేసుకునేదాన్ని" అంటుంది వీబ్కె.

అటువంటి దేశంలో, అటువంటి అమ్మాయి పెళ్లి రోజున, ఎవడో రైలును సమయానికి నడిపాడు!

మేం స్టేషనుకు తొమ్మిదీ ముప్పై ఒకటికి ఎందుకొచ్చామో కూడా చెప్పేస్తాను. నేను దాచేవాణ్ని కాదు.

ఆ పొద్దున ఎనిమిదిన్నరకే వీబ్కె కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది.

"మామయ్యా, బయల్దేరదాం."

"ఎక్కడికే? కూర్చుని గుడ్డు తిను."

"బండి తొమ్మిదీ పన్నెండుకి."

"అది పలకా బలపం పట్టేవాళ్లకి చెప్పే లెక్క," అన్నాను. "ఆరేళ్లుగా నేను ఆ బండి రాకపోకలు డైరీలో రాస్తున్నాను. ఇరవై ఐదు నిమిషాలకు తక్కువ ఆలస్యంగా ఒక్క రోజు రాలేదు. ముందే పోయి ఆ గాల్లో నిలబడితే నీ జుట్టు పాడు. తర్వాత మీ అమ్మ నన్ను తిడుతుంది."

"ఫోన్లో చూస్తే ఆలస్యం లేదని చూపిస్తోంది, మామయ్యా."

"ఫోను ఎప్పుడూ అలాగే చూపిస్తుంది. అది మర్యాద. 'బాగున్నారా' అంటే 'బాగున్నాం' అనమూ? అలాంటిదే."

గుడ్డు తిన్నాం. కాఫీ తాగాం. ఇంకో కాఫీ కూడా తాగాం.

ప్లాట్‌ఫాం మీద మేమొక్కళ్లమే కాదు. ముప్పై మంది దాకా ఉన్నారు. అందరూ నాలాంటి అనుభవజ్ఞులే. తొమ్మిదీ ఇరవై దాటాక తీరిగ్గా వచ్చినవాళ్లే. కరెంటు పోయిన ఇంట్లో మనుషుల్లా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. కాఫీ బండి ఆవిడ తల పట్టుకుని కూర్చుంది: "ఒక్క కప్పు అమ్మలేదు! మనుషులు నిలబడితే కదా తాగేది!"

నేను కౌంటరు దగ్గరికి పరిగెత్తాను.

"తొమ్మిదీ పన్నెండు బండి ఏది?"

"వెళ్లిపోయిందండీ."

"ఎంత ఆలస్యంగా?"

"ఆలస్యం లేదండీ."

"లేదంటే? ఎన్ని నిమిషాలు లేదు?"

కౌంటరాయన కూడా పాపం కంగారుగానే ఉన్నాడు. గొంతు తగ్గించి, "మాకూ అర్థం కాలేదు సార్. కంప్యూటర్ పాడైందేమోనని రెండుసార్లు ఆపి మళ్లీ వేశాం. సమయానికే పోయింది," అన్నాడు.

"ఫిర్యాదు రాస్తాను. ఫారం ఇవ్వండి."

"ఆలస్యానికైతే ఫారం ఉంది. రద్దుకు ఉంది. బండి తప్పడానికి కూడా ఉంది, కాకపోతే అది ఇంకో బండి ఆలస్యం వల్ల తప్పి ఉండాలి. సమయానికి వచ్చిన బండి మీద ఫారం లేదు సార్."

ఇరవై ఆరేళ్లు ప్రభుత్వాఫీసుల చుట్టూ తిరిగాను. ఫారం లేని కష్టం నాకు ఎదురుకావడం అదే మొదటిసారి. అప్పుడే మనసులో శపథం చేశాను: ఈ పని చేసినవాణ్ని పట్టుకుంటాను!

తర్వాతి బండి పది పన్నెండుకు. ఊరు చేరేది పదకొండూ పదికి. స్టేషన్ నుంచి మునిసిపల్ ఆఫీసు పది నిమిషాల నడక. అంటే, బండి సమయానికి నడిస్తే పెళ్లి జరుగుతుంది! చూశారా, నా గతి ఎంతకు వచ్చిందో? సమయానికి నడవమని రైలుకు దణ్ణం పెట్టుకునే స్థితి!

బండి పదీ ఇరవైకి కదిలింది. ఎదుటి సీటు ఖాళీగా ఉంది. కాసెల్‌లో ఒకావిడ ఎక్కి అందులో కూర్చుంది. యాభై ఐదేళ్లుంటాయి. బూడిదరంగు కోటు, మెడ దాకా బొత్తాలు. ఒళ్లో తోలు సంచి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. మా వంక ఒకసారి తలాడించింది. అంతే, ఇక మౌనం.

పదకొండుకు రెండు నిమిషాలు తక్కువగా బండి ఆగింది.

ఒక పక్క దుంపల పొలం. ఇంకో పక్క గాలిమరలు. మైకు గరగరమంది: "ముందు చాలా బండ్లు నిలిచిపోయి ఉన్నందువల్ల మన ప్రయాణం కాసేపు ఆలస్యమవుతుంది."

"భేష్!" అంది బూడిదరంగు కోటావిడ.

వీబ్కె ఫోను మోగింది. టిల్మాన్ మెసేజ్: ఎక్కడున్నావ్? వీబ్కె జవాబు: పొలంలో.

పదకొండూ పది. పదకొండూ ఇరవై. వీబ్కె లేచి సంచి తీసుకుంది. "దిగగానే పరిగెత్తొచ్చు. నేను గౌను ఇక్కడే వేసుకుంటాను," అని బాత్‌రూం వైపు వెళ్లింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా వెళ్లిందని నాకు తెలుసు.

నేనూ ఆవిడా మిగిలాం. ఆలస్యం తన పని మొదలుపెట్టింది. ఆవిడ సంచిలోంచి రొట్టె పొట్లం తీసి, సగం నాకిచ్చింది.

"నేను డ్రెష్లర్. మీరెక్కడిదాకా?"

చెప్పాను.

"నేనూ అక్కడికే. రోజూ పొద్దున చిన్న బండిలో తొమ్మిదిన్నరకే చేరతాను. ఇవాళ దాన్ని ఎక్కడో పక్కన నిలబెట్టేశారట! పన్నెండేళ్లలో ఇదే మొదటిసారి. ఆలస్యమంటే నాకు ఒళ్లు మంటండీ."

"నాక్కూడా," అన్నాను. రొట్టె తింటూ ఏమైనా అనొచ్చు.

"పోయిన నెల ఒక జంట ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. రైలు లేటట! 'రైలును నమ్ముకున్నవాడివి, రేపు సంసారం ఏం చేస్తావ్ నాయనా? వచ్చే వసంతంలో రండి' అని పంపించేశాను. పెళ్లికూతురు ఏడ్చింది. ఏడవనీ! ఆరు నిమిషాలంటే ఆరు నిమిషాలే."

తింటున్న రొట్టె కింద పెట్టాను.

"తమరు... రిజిస్ట్రారు గారా?"

"అవును. ఇవాళ నా తోటాయన సెలవులో ఉన్నాడు. పెళ్లి గది తాళం, రిజిస్టరు బీరువా తాళం, రెండూ ఇదిగో, ఇందులోనే." ఆవిడ తోలు సంచిని తట్టింది.

ఇంతలో బాత్‌రూం తలుపు తెరుచుకుంది. తెల్ల గౌను, ఎర్రబడ్డ కళ్లు, ఒక చేత్తో వీపు వెనక పట్టుకుని వీబ్కె.

"మామయ్యా, ఈ జిప్పు పైకి రావట్లేదు."

డ్రెష్లరమ్మ గౌను చూసింది. గడియారం చూసింది. పదకొండూ ముప్పై నాలుగు.

"పదకొండున్నర జంటా? ఇవాళ్టి మొదటి పెళ్లి!"

వీబ్కె నా వంక చూసింది. నేను తలాడించాను.

"అమ్మగారూ," అన్నాను, "ఆరు నిమిషాల సంగతి ఇప్పుడే చెప్పారు. నాలుగు అప్పుడే అయిపోయాయి. తప్పు నాది. పిల్ల ఎనిమిదిన్నరకే కోటు వేసుకుంది. గుడ్డు తినమన్నది నేనే."

డ్రెష్లరమ్మ కాసేపు దుంపల పొలం వంక చూసింది. ఆవిడలో ఏదో పెద్ద ఫైలు కదులుతున్నట్టు అనిపించింది.

"ఆ జంట వచ్చేసరికి నేను కుర్చీలో ఉన్నాను," అంది చివరికి. "ఆలస్యం ఆఫీసు తెరిచాక మొదలవుతుంది. రిజిస్ట్రారు లేకుండా ఆఫీసు తెరుచుకోదు. నేనిక్కడున్నాను కాబట్టి ఆఫీసు ఇంకా తెరవలేదు. తెరవని ఆఫీసుకు ఎవరైనా ఎలా ఆలస్యంగా వస్తారు?"

ఈ దేశంలో నేను విన్న అతి గొప్ప ప్రేమ వాక్యం అదే!

"ఇటు తిరుగమ్మాయ్," అంది ఆవిడ, జిప్పు పట్టుకుని. "ఊపిరి బిగబట్టు. పొద్దున ఎన్ని గుడ్లు తినిపించాడు మీ మామయ్య?"

పన్నెండూ ఐదుకు ముగ్గురం స్టేషన్ నుంచి ఊరి నడివీధిలో పరుగు. ముందు రిజిస్ట్రారు, వెనక పెళ్లికూతురు, ఆ వెనక నేను, ఇద్దరి సంచులతో. ఆఫీసు మెట్ల మీద టిల్మాన్, మా అక్క, వాళ్ల వెనక తర్వాతి వేళలకు వచ్చిన ఇంకో రెండు జంటలు తాళం వంక చూస్తూ నిలబడి ఉన్నారు. అక్క నా వంక చూసింది. ఆ చూపు గురించి కూడా నేను రాయను. డ్రెష్లరమ్మ తాళం తీసింది. పన్నెండూ ముప్పైకి వీబ్కె, టిల్మాన్ మొగుడూ పెళ్లాలు!

ఇప్పుడు చెప్పండి. మా రెండో బండి సమయానికి నడిచి ఉంటే, ఆవిడ చిన్న బండి సమయానికి నడిచి ఉంటే, ఆ దుంపల పొలం పక్కన ఆ రొట్టె ముక్క నా చేతికి వచ్చేదా? ఆలస్యం వరమా, కాదా?

నేనదే మాట పెళ్లి భోజనాల దగ్గర లేచి నిలబడి అందరితో అన్నాను. పందిమాంసం వేపుడు, బంగాళాదుంప ఉండలు వడ్డిస్తున్నారు. బీరు గ్లాసు ఎత్తి, "ఆలస్యం వర్ధిల్లాలి!" అన్నాను. అందరూ గ్లాసులు తాకించారు.

"ఒక్క విషయం మాత్రం నన్ను తినేస్తోంది," అన్నాను. "ఆ తొమ్మిదీ పన్నెండు బండి! ఆరేళ్లలో లేనిది, సరిగ్గా ఇవాళే, సరిగ్గా సమయానికి! ఇది దానంతటదే జరిగింది కాదు. దీని వెనక మనిషున్నాడు. వాడు నాకు దొరికితే..."

టిల్మాన్ తండ్రి ఎగోన్ నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి, మెత్తటి మనిషి. రైల్వేలో సిగ్నల్ కేబిన్‌లో ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఆయన కంచంలో ఏమీ ముట్టలేదని అప్పుడు గమనించాను. పక్క కుర్చీలో ఒక పూలగుత్తి వాడిపోయి ఉంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఎగోన్ బావా?" అన్నాను నెమ్మదిగా.

ఫోర్కు కింద పెట్టాడు. వీబ్కె వంక చూశాడు.

"నేనేనమ్మా. కోడలు వచ్చే బండి కదా, పెళ్లికి నావంతు కానుకగా ఉంటుందని. ఎవరికీ చెప్పలేదు. మా పేకాట జట్టు ముగ్గురం, మూడు చోట్ల మూడు కేబిన్లలో పనిచేస్తాం. రాత్రే ఫోన్లు చేసుకున్నాం. పొద్దున నీ బండికి వరసగా పచ్చ దీపాలు ఇచ్చాం. అడ్డం వచ్చినవాటిని పక్కన నిలబెట్టాం. పదకొండు బండ్లు. పదింటికి నా డ్యూటీ అయిపోయింది. టై కట్టుకుని, పూలు పట్టుకుని ఇక్కడి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. పదీ పదికి వచ్చింది బండి. అర నిమిషం తేడా లేదు! నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపులు తెరుచుకున్నాయి. ఒక్క మనిషి దిగలేదు."

వీబ్కె లేచి వెళ్లి ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది. నాకు కోపం పోయింది. కానీ ఒక సందేహం మాత్రం పోలేదు.

"బావా, ముగ్గురు పేకాటగాళ్లు మూడు ఫోన్లతో ఒక బండిని సమయానికి నడపగలిగారు. అంత తేలికా?"

"నాకూ ఇవాళే తెలిసింది. చాలా తేలిక."

"మరి రోజూ నడపరేం?"

ఎగోన్ నా వంక ఆశ్చర్యంగా చూశాడు. అంత తెలివితక్కువ ప్రశ్న ఆయన ఎన్నడూ వినలేదని మొహం చెబుతోంది.

"రోజూ ఎందుకు నడుపుతాం బావా? మిగతా రోజుల్లో ఆ బండిలో మావాళ్లెవరూ ఉండరుగా!"